వేని క్రెయాతోర్ మీద రెండు నిమిషాల ఆర్గన్ ప్రెల్యూడ్: చిక్కంతా ఆ డీ సెవెన్ కార్డ్ దగ్గరే ఉంది

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను, నువ్వు రాసి పంపిన స్వరాలు కూడా ఇక్కడ మా ఆర్గన్ మీద వాయించి చూశాను. మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి నువ్వు అడిగింది ఒకసారి చెప్తా. పెంతెకోస్తు ఆదివారం మీ విచారణలో పిల్లలకి భద్రమైన అభ్యంగనం ఉంది, మేత్రాణులు వస్తున్నారు, వేని క్రెయాతోర్ (పవిత్రాత్మని రమ్మని పిలిచే పాత లాటిన్ పాట) లాటిన్‌లోనే పాడదాం అని ఫాదర్ గారు అన్నారు, పూజ మొదలయ్యే ముందు అదే మెలొడీ మీద ఓ రెండు నిమిషాలు ఆర్గన్ ప్రెల్యూడ్‌లా నిన్ను వాయించమన్నారు. చర్చిలో ఉన్నది 61 కీల కీబోర్డ్, కాళ్ళతో వాయించే పెడల్స్ లేవు. నువ్వు దాన్ని ఫోర్ ఫోర్‌లో పెట్టి జీ, ఈ మైనర్, సీ, డీ సెవెన్ కార్డ్స్ వేశావు, అది సినిమా పాట ఇంట్రోలా వస్తోంది, ఎక్కడ తప్పుతోందో తెలియట్లేదు అన్నావు.

నాదీ గుంటూరు జిల్లానే, హార్మోనియం మీద మొదలుపెట్టినవాడినే, 17 ఏళ్ళుగా ఫ్రాన్స్‌లో ఒక చిన్న ఊరి చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నాను. నువ్వు చేసిన తప్పే నేనూ చేశాను, మొదటి ఏడాదంతా చేశాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు డీ సెవెన్ సంగతి. ఆ కార్డ్‌లో ఎఫ్ షార్ప్ ఉంది కదా, ఈ మెలొడీలో ఎఫ్ షార్ప్ ఎక్కడా లేదు, మామూలు ఎఫ్ ఉంది. నీకు కర్ణాటక సంగీతం కొంచెం వచ్చు అన్నావు కాబట్టి ఆ భాషలోనే చెప్తా. గ్రెగోరియన్ పాటలకి, అంటే చర్చిలో తాళం లేకుండా అందరూ ఒకే గొంతుగా పాడే పాత లాటిన్ పాటలకి, ఎనిమిది మోడ్‌లు (స్వరాల వరసలు) ఉంటాయి, వేని క్రెయాతోర్ ఎనిమిదో మోడ్. జీని షడ్జమం అనుకుంటే దాని స్వరాలు అచ్చంగా మన హరికాంభోజి స్వరాలే, అంటే నిషాదం కైశికి నిషాదం (మామూలు ఎఫ్). నువ్వు డీ సెవెన్ వెయ్యగానే కాకలి నిషాదం (ఎఫ్ షార్ప్) వచ్చి పడుతోంది, అంటే హరికాంభోజిలో మొదలుపెట్టి ప్రతి లైన్ చివర శంకరాభరణంలోకి దూకుతున్నావన్నమాట, ఇక వినేవాళ్ళకి అది పాత పాటలా ఎలా వినిపిస్తుంది? హరికాంభోజి పాడుతూ ఎవరైనా మధ్యలో కాకలి నిషాదం వేస్తే మీ మాస్టారు ఊరుకుంటారా? ఇక్కడా అంతే. (రాగం అంటే స్వరాలు ఒక్కటే కాదు, గమకాలు, సంచారాలు ఉంటాయి, అవేవీ గ్రెగోరియన్‌లో లేవు, నేను పోల్చింది స్వరస్థానాల వరకే.)

ఇప్పుడు మొదటి లైన్ చూడు. వేని క్రెయాతోర్ స్పిరితుస్, అంటే సృష్టికర్తవైన ఆత్మా రా అని. జీ షడ్జమం అనుకుని రాస్తే ఇలా:

వే (స) ని (రి) క్రె (స‑ని) యా (స‑రి) తోర్ (స) స్పి (స‑మ) రి (మ‑ప) తుస్ (మ)

ఆ ని కింది నిషాదం. మొత్తం 12 స్వరాలు, ఎనిమిది అక్షరాలు. సా చుట్టూ కింద ఒక మెట్టు పైన ఒక మెట్టు తిరిగి, ఉన్నట్టుండి స్పి దగ్గర మా మీదకి ఎక్కుతుంది, పా తాకి వచ్చి మా మీద నిలబడుతుంది. ఎనిమిదో మోడ్‌కి పాట ఆగే స్వరం సా అయితే మధ్యలో నిలబడే స్వరం ఆ మా. ఆత్మ అన్న మాట దగ్గరే గొంతు పైకి లేవడం చూశావా, నాకు ఇన్నేళ్ళయినా ఆ ఒక్క చోటు వాయించేటప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. నీ వెర్షన్‌లో ఆ ఎక్కడం వినపడట్లేదు ఎందుకంటే అంతకు ముందు ఉన్న తోర్ మీద నువ్వు రెండు బీట్లు ఆగిపోయావు.

అక్కడ ఎందుకు ఆగావో కూడా తెలుసు నాకు. ఒక్కో స్వరానికి ఒక మాత్ర, లైన్ చివరి స్వరానికి రెండు మాత్రలు వేసి లెక్కపెట్టు. స‑రి రెండు, స‑ని రెండు, స‑రి‑స మూడు, స‑మ రెండు, మ‑ప రెండు, చివరి మా రెండు. మొత్తం 13. నీ ఫోర్ ఫోర్‌లో రెండు బార్లు అంటే ఎనిమిది బీట్లు, బీట్‌కి రెండు మాత్రల చొప్పున 16 మాత్రలు. 13ని 16లో పట్టించాలంటే మూడు మాత్రలు ఎక్కడో ఒకచోట సాగదియ్యాలి, నువ్వు తోర్ మీద సాగదీశావు. కానీ లాటిన్‌లో ఊనిక పడేది క్రెయాతోర్‌లో యా మీద, స్పిరితుస్‌లో స్పి మీద, తోర్ అనేది మాట ముగిసే అక్షరం, మెల్లగా వదిలెయ్యాల్సిన అక్షరం, దాన్ని పట్టుకుని సాగదీస్తే మాట విరిగిపోతుంది.

ఈ రెండు రెండు మూడు రెండు అనే లెక్క నా సొంతం కాదు. ఫ్రాన్స్‌లో సార్త్ నది ఒడ్డున సొలెమ్ అనే ఊళ్ళో ఒక మఠం ఉంది, దోమ్ గెరాంజె 1833లో దాన్ని మళ్ళీ మొదలుపెట్టారు, పాత రాతప్రతులు ముందేసుకుని గ్రెగోరియన్ పాటని మళ్ళీ బతికించింది ప్రధానంగా ఆ మఠం సన్యాసులే. దోమ్ మొకెరో అనే ఆయన ఈ రెండు మూడు మాత్రల గుంపుల పద్ధతిని వివరంగా రాశారు. ఇప్పటి పండితులు కొందరు దాన్ని ఒప్పుకోరు, ఆ గొడవ మనకి వద్దు, ఆర్గన్ మీద కూర్చునేవాడికి మాత్రం అది చాలా పనికొచ్చే లెక్క. నేను అక్కడికి వెళ్ళి సాయంకాల ప్రార్థన విన్నాను ఒకసారి. లైన్ చివర అందరూ కలిసి ఊపిరి తీసుకునే చప్పుడు లేని ఆ చిన్న ఖాళీ ఉంది చూడు, నేర్చుకోవాల్సింది అదే అనిపించింది.

మనవాళ్ళకి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు నిజానికి, ఎందుకంటే మనకి పద్యం ఉంది. నాటకంలో పద్యం పాడేవాళ్ళని గుర్తు తెచ్చుకో, తాళం ఉండదు, కానీ గురువు లఘువు తప్పదు, గణం ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది, సాగదీసే చోట సాగదీస్తారు, అయినా నడక పోదు. ఆటవెలదిలో సూర్యగణాలకి మూడేసి మాత్రలు, ఇంద్రగణాలు వచ్చేసరికి నాలుగో ఐదో, దాన్ని తీసుకెళ్ళి ఆదితాళంలో ఇరికిస్తే ఎలా ఉంటుంది? నువ్వు వేని క్రెయాతోర్‌కి చేసింది అదే. గ్రెగోరియన్‌లో పద్యంలో లాగా రాగం తీయడాలు ఉండవు, నడక చాలా సమంగా ఉంటుంది, కానీ తాళం లేకపోయినా కాలం ఉండటం అనేది మాత్రం రెండిట్లో ఒకటే.

కాబట్టి మొదటి పని కీబోర్డ్ మూసెయ్యి. నిజంగానే చెప్తున్నా. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో మా క్వయర్ నడిపే పెద్దాయన నా వాయింపు రెండు లైన్లు విని, కీల మీద మూత వేసేసి, మూడు వారాలు నన్ను పాటగాళ్ళ వరసలో నిలబెట్టారు. అప్పుడు కోపం వచ్చింది. నాలుగో వారం మూత తీసి వాయిస్తే నా చేతులు వాటంతట అవే లైన్ చివర లేచాయి, ఊపిరి అయిపోయినట్టు. నువ్వు వారం రోజులు చాలు, మాటలతో పాడు, అర్థం తెలుసుకుని పాడు, ఒక లైన్ ఒక ఊపిరిలో రావాలి, ఆరేడు సెకన్లకి మించదు.

ఇక పెద్దవాళ్ళు ఈ మెలొడీతో ఏం చేశారో చూస్తే నీకు దారి దొరుకుతుంది. పాట తొమ్మిదో శతాబ్దం నాటిది, రాబానుస్ మౌరుస్ రాశాడని చెప్తారు. ఆర్గన్ మీద దీన్ని చరణం వదిలి చరణం వాయించేవాళ్ళు, ఒక చరణం క్వయర్ పాడితే తర్వాతది ఆర్గన్, అలా వంతులవారీగా. రువాన్ కెథడ్రల్ ఆర్గనిస్ట్ తితెలూజ్ 1623లో అచ్చు వేసిన పుస్తకంలో ఇది ఉంది. 1699లో నికొలా ద గ్రిన్యీ ఐదు భాగాలుగా రాశాడు, అందులో మొదటి భాగం నీకు పాఠం: మెలొడీని పై గొంతులో పెట్టలేదు ఆయన, మధ్యలో పెట్టాడు, ఒక్కో స్వరం చాలా పొడుగ్గా, స్తంభాల్లాగా, దాన్ని పెడల్ మీద కాళ్ళతో వాయిస్తుంటే చేతులు చుట్టూ నాలుగు గొంతులు అల్లుతాయి. మెలొడీ పైనే ఉండాలనే రూల్ ఏమీ లేదు అని నాకు తెలిసింది ఆ పేజీ చూసే.

బాఖ్ కూడా రాశాడు, ఆయన చేతికి వచ్చింది 1524లో లూథర్ జర్మన్‌లో చేసిన రూపం. ఆర్గెల్‌బ్యుఖ్‌లైన్ అనే ఆయన చిన్న ఆర్గన్ పీసుల పుస్తకంలో బీడబ్ల్యూవీ 631 (బాఖ్ రచనల జాబితాలో దాని నంబర్) అని వెతుకు, మొత్తం ఎనిమిది బార్లు, నిమిషం కూడా పట్టదు. మరి బాఖ్ బీట్‌లో పెట్టాడు కదా, ట్వెల్వ్ ఎయిట్‌లో గంతులేస్తుంది కదా, నేను పెడితే తప్పేంటి అని అడుగుతావేమో. అప్పటికి అది దాదాపు రెండొందల ఏళ్ళుగా జర్మన్ జనం చర్చిలో బీట్ వేసుకుని పాడుకుంటున్న పాట, ఆయన ఆ పాటకి ప్రెల్యూడ్ రాశాడు. నీ ప్రెల్యూడ్ అయిపోగానే మీ క్వయర్ పాడబోయేది లాటిన్ పాట, బీట్ లేని పాట. ప్రెల్యూడ్ తర్వాత వచ్చేదాన్ని బట్టి ఉండాలి, తేడా అంతే.

నీకు అన్నిటికంటే దగ్గర దారి తూర్నెమీర్ దగ్గర ఉంది. పారిస్‌లో సెంత్ క్లోతీల్ద్ చర్చి ఆర్గనిస్ట్, సెజార్ ఫ్రాంక్ కూర్చున్న ఆ సీట్లోనే 1898 నుంచి 1939లో పోయేదాకా కూర్చున్నాడు. 1927 నుంచి 1932 లోపు లోర్గ్ మిస్తీక్ అని 51 ఆదివారాలకీ పండగలకీ ఆ రోజు గ్రెగోరియన్ పాటల మీదే సంగీతం రాశాడు, మొత్తం 253 పీసులు. ఒక్కో రోజుకి మొదటిది ప్రవేశ గీతానికి ముందు వాయించే ప్రెల్యూడ్, చాలావరకు బాగా చిన్నవి, ఒకటి రెండు పేజీలు. కింద కదలకుండా ఒక కార్డ్ పట్టుకుని ఉంటుంది, పైన పాట ముక్క ఒకటి తేలుతూ వస్తుంది, ఆగుతుంది, ఇంకో ముక్క వస్తుంది, అయిపోతుంది. వినగానే నాకు తంబూరా శ్రుతి గుర్తొచ్చింది. తర్వాత ఆయన దగ్గర చదువుకున్న ద్యురుఫ్లే 1930లో ఇదే వేని క్రెయాతోర్ మీద పెద్ద పీసు రాశాడు, ఓపస్ 4, అది నీకూ నాకూ చేతులు తిరిగే పని కాదు ఇప్పట్లో, కానీ చివర్లో వచ్చే కోరల్ (పాటని నిండు కార్డ్స్‌తో వాయించే భాగం) విను, మోడ్‌ని పాడుచెయ్యకుండా ఎంత నిండుగా కార్డ్స్ పెట్టొచ్చో తెలుస్తుంది. (ఈ ద్యురుఫ్లే చిన్నప్పుడు పాడింది ఆ రువాన్ కెథడ్రల్‌లోనే, తితెలూజ్ వాయించిన చోట. మూడొందల ఏళ్ళు అదే గోడల మధ్య అదే పాట, అది తలుచుకుంటే నాకు భలే అనిపిస్తుంది.)

సరే ఇప్పుడు నీ కీబోర్డ్ మీద ఏం చెయ్యాలో చెప్తా.

ముందు సెట్టింగ్స్. రిథమ్ ఆఫ్, అది చెప్పక్కర్లేదు. సస్టైన్ పెడల్ తీసి పక్కన పెట్టు, ఆర్గన్‌కి సస్టైన్ ఉండదు, కీ వదిలితే శబ్దం ఆగిపోతుంది, అందుకే ఆర్గనిస్ట్‌లు ఒక కీ మీద వేలు పూర్తిగా లేవకముందే పక్క వేలిని తెచ్చి పెడతారు, లైన్ తెగకుండా వేళ్ళతోనే పట్టుకోవాలి, ఇది రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. టచ్ సెన్సిటివిటీ ఆఫ్ చెయ్యి, పైప్ ఆర్గన్‌లో గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే శబ్దం. టోన్స్‌లో జాజ్ ఆర్గన్, రాక్ ఆర్గన్ ముట్టుకోకు, గిరగిరా తిరిగే ఆ వణుకు వద్దు. చర్చ్ ఆర్గన్ అని రెండు మూడు ఉంటాయి, వాటిలో పెద్దగా అరిచేది కాకుండా ఫ్లూట్‌లా మెత్తగా ఉండేది తీసుకో. రివర్బ్ హాల్‌లో పెట్టు కానీ మీ చర్చి పెద్దదైతే అది కూడా తగ్గించు, గుడికే సొంత గొంతు ఉంటుంది.

మొదటి అర నిమిషం కుడి చెయ్యి ఒక్కటే. కింద ఏమీ వద్దు. నాలుగు లైన్ల చరణం మొత్తం ఒంటి గొంతుతో, లైన్‌కీ లైన్‌కీ మధ్య ఊపిరంత ఖాళీ. నీకు భయం వేస్తుంది, చర్చి నిండా జనం, ఒక్క వేలితో వాయిస్తున్నాడేంటి అనుకుంటారేమో అని. అనుకోరు. జనం కుదురుకునేది, పిల్లలు చుట్టూ చూడటం మానేది ఆ అర నిమిషంలోనే.

రెండోసారి ఎడమ చేత్తో కింద సా పా పట్టుకో, అంటే జీ, డీ, కుడి చెయ్యి మళ్ళీ అదే మెలొడీ. స్పి దగ్గర మెలొడీ మా మీదకి ఎక్కగానే కింది పా దానితో కొట్టుకుంటుంది, అప్పుడు ఆ ఒక్క వేలు డీ నుంచి సీ మీదకి జరుపు, సా మాత్రం కదలకూడదు. పంచమ శ్రుతి నుంచి మధ్యమ శ్రుతికి మారినట్టు ఉంటుంది, ఒక్క వేలు కదిలింది అంతే, కానీ గది మొత్తం రంగు మారినట్టు వినిపిస్తుంది. మిగతా లైన్లలో కూడా అదే పద్ధతి, మెలొడీ ఎక్కువసేపు నిలబడే స్వరానికి తగ్గట్టు ఆ వేలిని జరుపుకో. స్వరానికో కార్డ్ వెయ్యకు, కొత్తవాళ్ళు ఎక్కువగా పడేది అక్కడే, లైన్‌కి రెండు మార్పులు చాలు, అవి కూడా మాటలో ఊనిక ఉన్న చోట.

మూడోసారి గ్రిన్యీ పని చెయ్యి. కీబోర్డ్ స్ప్లిట్ చేసి ఎడమ వైపు కొంచెం గట్టి ఆర్గన్ టోన్ పెట్టు, మొదటి లైన్ ఒక్కటి ఎడమ చేత్తో కింద వాయించు, ఒక్కో స్వరం నాలుగు మాత్రలు ఉండేలా. పైన కుడి చెయ్యి ఫ్లూట్ టోన్‌లో చిన్న ముక్క ఒకటి తిప్పుతూ ఉండాలి, ఆ ముక్క కొత్తది కనిపెట్టకు, మెలొడీలోనే ఉన్న స‑రి‑స‑ని‑స తీసుకో, కింద స్వరం మారినప్పుడల్లా దానికి సరిపడేలా పైకీ కిందకీ జరుపు, స్వరాలు మాత్రం హరికాంభోజి దాటకూడదు. చేతులు కుదరకపోతే ఈ భాగం తీసెయ్యి, మొదటి రెండూ బాగా వస్తే చాలు, మూడోది తడబడితే ముందు చేసిందంతా పోతుంది.

చివర ఆమెన్. ఈ పాటకి ఆమెన్ స‑రి‑స, ని‑స అని ఉంటుంది. మొదటి లైన్లో విన్న ఆ సా రీ నీలే, చిన్నదై మళ్ళీ వచ్చాయి. ఇక్కడే నీ చెయ్యి డీ సెవెన్ వైపు వెళ్తుంది, వెళ్ళనివ్వకు. కింద సా అలాగే పట్టుకుని ఉండు, పైన కైశికి నిషాదం వినిపించనివ్వు, పూర్తి స్వరం దూరం నుంచి మెల్లగా సా మీదకి రానివ్వు. ఆఖరి కార్డ్‌లో గాంధారం వెయ్యకు, సా పా చాలు. మేజరా మైనరా చెప్పకుండా ఖాళీగా ఉంటుంది ఆ శబ్దం, తర్వాత వచ్చే గొంతులకి చోటు మిగులుస్తుంది.

శ్రుతి గురించి ఒక మాట, జీ మీద మొదలుపెడితే మీ మగవాళ్ళకి పైన ఇబ్బంది అయితే ట్రాన్స్‌పోజ్ బటన్‌తో రెండు మెట్లు కిందకి దించు, కానీ క్వయర్‌తో ప్రాక్టీస్ చేసిన శ్రుతి, పండగ రోజు శ్రుతి ఒకటే ఉండేలా చూసుకో, బటన్ నొక్కడం మర్చిపోయి క్వయర్ మొత్తం వేరే శ్రుతిలో లేచిన రోజు నాకు తెలుసు.

ఇంకోటి అడిగావు, లాటిన్ పాట మన తెలుగు పూజలో ఎబ్బెట్టుగా ఉండదా అని. 1963లో వాటికన్ మహాసభ ఆరాధన గురించి ఇచ్చిన పత్రం గ్రెగోరియన్ పాటకి పెద్దపీట వేసింది, పైప్ ఆర్గన్‌ని గౌరవించమంది, అదే పత్రం ప్రజల సొంత భాషకీ, ఒక్కో ప్రాంతపు సంగీతానికీ తలుపు తీసింది. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. మిగతా పూజంతా మన పాటలు, మన తబలా ఉండనే ఉంటాయి కదా, వాటికి ఇదేం అడ్డం కాదు. పాడే ముందు ఆ నాలుగు లైన్ల అర్థం తెలుగులో ఎవరైనా చదివితే పిల్లలకి కూడా అందుతుంది, ఆ రోజు అభ్యంగనం తీసుకునేది వాళ్ళే కాబట్టి అది ఫాదర్ గారిని అడిగి చూడు.

చివరి సా పట్టుకున్నప్పుడు పాట ఎత్తుకునే మనిషి వైపు చూడు. ఆయన ఊపిరి తీసుకుని వే అనగానే నువ్వు వేళ్ళు ఎత్తెయ్యి, ముందు కాదు. ఇద్దరూ కలిసి కనీసం పదిసార్లు ఆ ఒక్క క్షణమే ప్రాక్టీస్ చెయ్యండి. వారం తర్వాత ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టు, కీబోర్డ్‌ది కాదు, నువ్వు ఊరికే నోటితో పాడింది, మొదటి లైన్ చాలు. తోర్ మీద ఆగుతున్నావో లేదో విని చెప్తా.